న్యూట్రల్‌లో దిగిన బండి

ఆ కొండ మీదికి పదకొండు కిలోమీటర్లు. దారి అని పిలవడం అలవాటుకొద్దీ గానీ, దారికుండాల్సిన లక్షణాలు దానికి ఒక్కటీ లేవు. వాన నీళ్లు కోసిన గండ్లు, మోకాలెత్తు బండరాళ్లు, ఒక చోట ఏకంగా మెట్లలా విరిగిన రాతి పలకలు. పైన సిగ్నల్ టవరు, దాని కాపలావాళ్లు ఉండే రెండు గదులు, ఇంకొంచెం పైన లోయను చూడటానికి జనం వెళ్లే కొండ అంచు. మామూలు కార్లు కింద జీపుల స్టాండు దగ్గరే ఆగిపోతాయి. నాలుగు చక్రాలూ లాగే జీపు ఉంటేనే పైకి.

ఆ స్టాండులో ఇరవై ఏళ్లకు పైగా జీపు తోలిన ఒక డ్రైవరు కథ ఇది.

మనిషి పొట్టి. స్టీరింగు వెనక కూర్చుంటే ముందు అద్దంలోంచి నుదురూ కళ్లూ మాత్రమే కనిపించేవి. కానీ ఆ కొండ అతనికి అరచేతిలో గీతల్లా తెలుసు. ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో, ఎక్కడ రాయిని తప్పించకుండా దాని మీదికే ఎక్కాలో, ఏ బురదలో ఆగితే ఇక కదలమో అన్నీ కంఠతా వచ్చు. బయల్దేరేముందు టైర్లలో గాలి సగానికి తగ్గించేవాడు, మెత్తబడ్డ టైరు రాయిని పట్టుకుంటుందని. బొటనవేళ్లు స్టీరింగు లోపల ఎప్పుడూ పెట్టేవాడు కాదు. చక్రం రాయికి తగిలి స్టీరింగు గిర్రున తిరిగితే వేళ్లు విరుగుతాయి. కొత్త డ్రైవర్లకు ఒకే మాట చెప్పేవాడు.

"ఎక్కడం ఇంజిన్ పనిరా. దిగడమే డ్రైవరు పని."

దిగేటప్పుడు మామూలు గేరు పక్కనుండే లో గేరు లివరు లాగి, ఫస్టు వేసి, కాలు బ్రేకు మీద నుంచి తీసెయ్యాలి. అప్పుడు బండిని ఇంజినే పట్టుకుని మెల్లగా దించుతుంది. అది వదిలేసి బ్రేకు తొక్కుకుంటూ దిగితే చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు నిప్పుకణికల్లా కాలిపోతాయి. కాలిన బ్రేకు ఉన్నా లేనట్టే.

ఈ సంగతి అతనికి నేర్పింది స్టాండు వెనక వీధిలో రేకుల షెడ్డు ఉన్న మెకానిక్కు. తర్వాత అతనే బావ అయ్యాడు. మెకానిక్కు చెల్లెలికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఎవరో అడిగారట, ఆ పొట్టివాడిలో ఏం చూశావని. "వాడి జీపు క్లచ్ ప్లేటు చూశాను. ఆరేళ్లయినా అరగలేదు. అంత ఓపికున్నవాడు పెళ్లాంతో గొడవ పెట్టుకోడు" అన్నాడట మెకానిక్కు. క్లచ్ ప్లేటు చూసి పిల్లనిచ్చారని స్టాండులో చాలాకాలం నవ్వుకున్నారు. ఆ లెక్క తప్పు కాలేదు కూడా. ఆలుమగలు ఒకరికొకరు అన్నట్టుగానే బతికారు. ఆమె ఒక బడిలో వంట చేసేది. అన్నగారిల్లు రెండు వీధుల అవతల. సాయంత్రమైతే అటునుంచి ఇటు, ఇటునుంచి అటు గిన్నెలు తిరుగుతూనే ఉండేవి.

మెకానిక్కుకు ఒక అలవాటుండేది. నట్టు బిగించాక దాని మీద పసుపు రంగు చుక్క పెట్టేవాడు. బిగించాను, చూశాను అని దానర్థం. చుక్క లేని నట్టు షెడ్డు దాటి వెళ్లేది కాదు.

ఆ రోజు జీపులో అయిదుగురున్నారు. ఒక డ్రాయింగు మాస్టారు, ఆయన భార్య, వాళ్ల చుట్టాలు ముగ్గురు. కొండ అంచు చూసుకుని, ఫొటోలు దిగి, మధ్యాహ్నం మూడింటికి తిరుగుప్రయాణమయ్యారు. పైనుంచి రెండో మలుపు దాకా డ్రైవరు ఎప్పటిలాగే ఫస్టులో దించాడు. అక్కడ కొత్త జీపు కొన్న ఒక కుర్ర డ్రైవరు వెనకనుంచి హారన్ కొట్టి, పక్కనుంచి దూసుకుపోతూ కేకేశాడు.

"పెద్దాయనా, చీకటి పడేలోగా ఇంటికి చేరతావా?"

వెనక కూర్చున్నవాళ్లు ఘొల్లుమన్నారు. "మీరూ పోనివ్వండి గురువుగారూ, మనమేం తక్కువా?" అన్నాడు మాస్టారు.

రెండో మలుపుకీ మూడో మలుపుకీ మధ్య కిలోమీటరున్నర దూరం దారి కాస్త నున్నగా ఉంటుంది. ఆ కొండ మీద నున్నగా ఉండేది అదొక్కటే. అక్కడ డ్రైవరు లో గేరు తీసేశాడు. తర్వాత గేరు కూడా తీసి న్యూట్రల్ చేశాడు. ఇంజిన్ రొద తగ్గింది. బండి దానంతట అది జారుకుంటూ పోతుంటే చల్లగాలి ముఖానికి కొట్టింది. వెనకవాళ్లు ఈలలు వేశారు. అతనికీ బాగుంది. ఇన్నేళ్లలో ఎవరూ తన బండిలో ఈల వెయ్యలేదు.

మధ్యమధ్య బ్రేకు తొక్కుతూ కొంతదూరం పోయాక కాలిన వాసన వచ్చింది. అదేమిటో అతనికి తెలుసు. అప్పుడైనా గేరు వెయ్యాల్సింది. ఇంకెంత, మలుపు దాటితే చదునే కదా అనుకున్నాడు. బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా దిగింది. ఇంకోసారి తొక్కితే ఇంకా కిందికి. మూడోసారి నేలకు తగిలింది. మూడో మలుపు ఎదురుగా ఉంది. కుడివైపు లోయ, ఎడమవైపు తవ్విన కొండగోడ. అతను స్టీరింగు ఎడమకు తిప్పేసి బండిని గోడకు రాశాడు. జీపు రాతిని గీసుకుంటూ నలభై అడుగులు పోయి, ఒక బండ ఎక్కి, పక్కకు ఒరిగి పడింది.

ఎవరి ప్రాణమూ పోలేదు. మాస్టారి కుడికాలు మోకాలి కింద విరిగింది. మిగతావాళ్లకు గీరుకుపోయిన గాయాలు. డ్రైవరు తల పగిలి నెత్తురు కారుతున్నా ఒక్కొక్కర్నీ బయటికి లాగి రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు. అప్పుడు ఇంజిన్ ఆపడానికని మళ్లీ బండిలోకి దూరాడు.

అక్కడే అతను చేసిన పని, అతని మాటల్లోనే చెప్పాలి. చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.

"చెయ్యి దానంతటదే పోయిందని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. అబద్ధం. ముందు తాళం తిప్పాను. తర్వాత లో గేరు లివరు లాగాను. ఒక చేత్తో క్లచ్ నొక్కిపట్టి, రెండో చేత్తో ఫస్టు వేశాను. మూడు పనులు. దానంతటదే జరగడానికి అదేం దగ్గు కాదు."

కింది జీపులవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఏమైందని అడిగారు. "బ్రేకు పోయింది" అన్నాడు. ఆ మాట అబద్ధమని ఎవరనగలరు? బ్రేకు పోయిన మాట నిజమే. ఒకతను ఒరిగిన జీపులోకి తొంగిచూసి, "లో గేర్లోనే ఉంది, ఫస్టులోనే ఉంది. పాపం, ఆయన తప్పేముంది" అన్నాడు. రాయి తగిలి కింద బ్రేకు పైపు తెగి, ఆయిలంతా మట్టిలో కారి ఉంది. ఇంకొకతను అది చూసి అన్నాడు.

"మొన్ననేగా మీ బావ బ్రేకులు చేసింది?"

డ్రైవరు తలకు గుడ్డ చుట్టుకుంటూ ఉన్నాడు. ముడి మరింత బిగించాడు.

ఆసుపత్రికి బావ గ్రీజు చేతులతోనే వచ్చాడు. ముందు తలకట్టు చూశాడు, కళ్లలోకి చూశాడు, తర్వాత మంచం అంచున కూర్చుని మెల్లగా అడిగాడు.

"బావా, ఒక్కటి చెప్పు. పెడలు ఒక్కసారిగా పోయిందా, మెల్లమెల్లగా దిగిందా?"

ఆ ప్రశ్నకు అర్థం ఆ గదిలో వాళ్లిద్దరికే తెలుసు. మెల్లగా దిగితే బ్రేకు కాలినట్టు, అంటే డ్రైవరు తప్పు. ఒక్కసారిగా పోతే బ్రేకు పైపు జాయింటు ఊడినట్టు, అంటే మెకానిక్కు తప్పు. డ్రైవరు గోడకేసి చూశాడు. గోడకు చేతులు కడుక్కోమని చెప్పే బొమ్మ ఒకటి అంటించి ఉంది.

"ఒక్కసారిగా" అన్నాడు.

బావ తన చేతులకేసి చూసుకున్నాడు. 

గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు ఆ మాట విన్నది. ఆమెకు గేర్ల సంగతి తెలియదు. కానీ అన్న ముఖం చదవడం తెలుసు. "అన్నయ్యా, నువ్వేనా?" అంది. అతను తలెత్తలేదు. "ఇంకాస్తయితే నా బొట్టు తుడిచేసేవాడివి. అయిదుగురి కొంపలు కూల్చేవాడివి. నీ చేతిపని మీద నాకున్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదురా అన్నయ్యా!" అంటూ ఏడ్చింది. ఆ ఏడుపు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ రోజు తర్వాత అన్నగారి గుమ్మం తొక్కలేదు.

డ్రైవరు మంచంలో అటు తిరిగి పడుకుని అంతా విన్నాడు. తేలు కుట్టిన దొంగలా పళ్లు బిగబట్టుకుని ఉన్నాడు.

వారం తిరగకుండా జీపును పాత ఇనుముకు అమ్మేశాడు, అదీ పక్క ఊరివాడికి. రిపేరు చేయిస్తే ఇంకో పదేళ్లు తిరిగే బండి అది. కానీ ఎవరో ఒకరు డ్రమ్ములు విప్పుతారు. కాలిన డ్రమ్ము నీలంగా కమిలి ఉంటుంది. చూసినవాడు మెకానిక్కయితే చదివేస్తాడు. బావ ఒకసారి చూస్తానని కబురు పెట్టినప్పటికే బండి ముక్కలైపోయింది.

ఆ తర్వాత జరిగిందే అతను ఊహించనిది. అతను వీరుడైపోయాడు. బ్రేకుల్లేని బండిని కొండకు రాసి అయిదుగురిని బతికించిన డ్రైవరని పేరొచ్చింది. మూడో మలుపును జనం 'డ్రైవరు మలుపు' అనసాగారు. పైకి వచ్చేవాళ్లు ఏరికోరి అతను అప్పుచేసి కొన్న ఇంకో జీపే అడిగేవారు. మలుపు రాగానే, "ఇక్కడేనా? ఎలా ఆపారు? ఒక్కసారి చెప్పండి" అనేవారు. మొదట్లో రెండు ముక్కల్లో చెప్పేవాడు. తర్వాత పక్క సీటువాళ్లే చెప్పడం మొదలుపెట్టారు. అతను స్టీరింగు పట్టుకుని వింటూ ఉండేవాడు. డ్రాయింగు మాస్టారు కాలు కుంటిదైనా, ఏటా ఆ తారీఖున ఫోను చేసి, "ఇది మీరు నిలబెట్టిన ప్రాణం" అనేవాడు. ఆయన మాట పూర్తి కాకముందే డ్రైవరు ఫోను పెట్టేసేవాడు. భార్య అది వినయం అనుకునేది.

బావ షెడ్డు మెల్లగా ఖాళీ అయింది. మొదట స్టాండు జీపులు మానేశాయి, తర్వాత మోటారుసైకిళ్లు. నిజానికి జనం మానడానికి ముందే అతనే మానుకున్నాడు. ఎవరైనా బండి తెస్తే, "వేరేవాళ్ల దగ్గర చూపించుకోండి" అనేవాడట. ఏడాది తిరిగేసరికి షెడ్డులో వెల్డింగు మిషను పెట్టి గేట్లూ కిటికీ చువ్వలూ చేయసాగాడు. గేటు ఊడిపడినా ఎవరూ చావరు కదా అని తన భార్యతో అన్నాడట. ఆ మాట ఆమె ఇంకెవరితోనో అంటే, నోళ్లు మారి డ్రైవరు చెవిన పడింది. ఆ పూట జీపు తియ్యకుండా స్టాండులో సీటు మీద వాలి పడుకున్నాడు.

చెబుదామని అనుకోని రోజు లేదు. ఒకసారి షెడ్డు దాకా వెళ్లాడు. బావ నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుని వెల్డింగు చేస్తున్నాడు. మెరుపులు ఆగేదాకా నిలబడ్డాడు. బావ అద్దం దించి, "ఏం బావా, చెల్లి బాగుందా?" అని అడిగాడు. ఆ మొహంలో కోపం లేదు, నేరం చేసినవాడి బెరుకు ఉంది. తనకుండాల్సిన బెరుకు అవతలివాడి మొహంలో కనిపించేసరికి డ్రైవరు వెనక్కి తగ్గాడు. "గేటుకు కొలతలివ్వాలి" అని ఏదో గొణిగి వచ్చేశాడు. వాళ్లింటికి గేటు పెట్టేంత జాగాయే లేదు.

ఇక బండి నడపడంలో మాత్రం మారాడు. చదును నేల మీద కూడా ఫస్టూ సెకండూ దాటేవాడు కాదు. స్టాండులో 'ఫస్టుగేరు' అని పేరు పెట్టారు. వీరుడికి జాగ్రత్త ఎక్కువని నవ్వుకునేవారు.

ఇలా ఆరేళ్లు గడిచాయి.

ఆ ఏడు వానలు తొమ్మిది రోజులు వదలకుండా కురిశాయి. పదో రోజు పొద్దున టవరు కాపలావాడికి కడుపునొప్పి అని పైనుంచి ఫోనొచ్చింది. రెండు రోజులుగా ఉందట, ఇప్పుడు జ్వరం, వాంతులు. పేగు పగిలితే మనిషి దక్కడని డాక్టరు అన్నాడు. దారి చూస్తే మూడో మలుపు దగ్గర సగం కొట్టుకుపోయింది. స్టాండులో ఎవరూ తాళం తియ్యలేదు. వాళ్ల తప్పూ లేదు. ఫస్టుగేరు లేచాడు. "నేను పోతాను. ముందు నడిచి దారి చూపించేవాడు ఒకడు కావాలి" అన్నాడు.

అందరూ నేల చూపులు చూస్తుండగా వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"నేను నడుస్తాను."

బావ. కాపలావాడి కుటుంబం అతని పక్కింట్లోనే ఉంటుంది. ఆ పిల్లల ఏడుపు వినలేక వచ్చాడు. జీపు ఎక్కబోతూ ఆగి, చక్రాలకేసి చూపిస్తూ అడిగాడు.

"బ్రేకులు ఎవరు చేశారు?"

"నేనే చేసుకుంటున్నా బావా."

"మంచిపని" అని ఎక్కి కూర్చున్నాడు.

ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. గండ్లలో రాళ్లు వేసుకుంటూ, రాతిమెట్ల దగ్గర ఒక్కో చక్రాన్నీ ఒక్కో మెట్టు మీదికి ఎక్కిస్తూ పోయారు. అవసరమైన మాటలు తప్ప ఇంకేవీ లేవు. "కుడికి." "కొంచెం." "ఆపు." "ఇప్పుడు రా." పైన కాపలావాణ్ని పరుపుతో సహా వెనక సీట్ల మధ్య పడుకోబెట్టి, తోటివాడు పట్టుకుని కూర్చోగా, దిగడం మొదలుపెట్టారు.

మూడో మలుపు దగ్గర జీపు వెడల్పు కన్నా జానెడే ఎక్కువ మిగిలింది దారి. దాని మీద తడి బంకమట్టి. బావ దిగి, ముందుకు పోయి, జీపుకు ఎదురుగా, పల్లం వైపు నిలబడ్డాడు. వెనక్కి వెనక్కి నడుస్తూ రెండు చేతులూ ఆడిస్తున్నాడు. బండి ఏమాత్రం జారినా మొదట తగిలేది అతనికే. వెనక లోయ.

డ్రైవరు బండి ఆపేశాడు. "పక్కకు జరుగు బావా!"

"ఇక్కడుంటేనే నీ కుడి చక్రం కనబడుతుంది. రా."

"జరగమంటున్నానా! జారితే నువ్వు..."

"నువ్వు జారనివ్వవులే. ఆ రోజు బ్రేకుల్లేకుండానే ఆపినవాడివి, ఇవాళ ఆపలేవా?" అన్నాడు బావ వానలో కళ్లు చికిలిస్తూ. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ఇక్కడ తప్పు చేసింది నేను. ఈ ఒక్కసారికి నన్ను చూసుకోనీ. రా, రా, ఇంకో జానెడు" అన్నాడు.

డ్రైవరు లో గేర్లో, ఫస్టులో, కాలు బ్రేకుకు దూరంగా పెట్టి బండిని వదిలాడు. అద్దం మీద వాన, కళ్లల్లో నీళ్లు, ఏది ఏదో తెలియలేదు. తుడుచుకోవడానికి స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కుడి చక్రం కింద మట్టి ఒకసారి పెళ్లగిలి లోయలోకి జారింది. బావ పెద్ద రాయొకటి ఎత్తి ఆ ఖాళీలో కుక్కి, భుజంతో అదిమిపట్టి, "రా" అన్నాడు. చక్రం ఆ రాయి మీద నుంచి, అతని భుజానికి బెత్తెడు దూరంలోంచి దొర్లిపోయింది.

సాయంత్రానికి కాపలావాడు ఆపరేషను గదిలోకి వెళ్లాడు. బతుకుతాడని చెప్పారు. ఇద్దరూ ఆసుపత్రి ఆవరణలో సిమెంటు బల్ల మీద, బురద బట్టలతో, చెరో టీ గ్లాసూ పట్టుకుని కూర్చున్నారు.

"బావా, ఆ రోజు పెడలు మెల్లగా దిగింది" అన్నాడు డ్రైవరు.

బావ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.  తర్వాత ప్రశ్నలు వేశాడు, బండి రిపేరుకొస్తే వేసినట్టే.

"ఏ గేరు?"

"న్యూట్రల్."

"ఎక్కణ్నుంచి?"

"రెండో మలుపు దాటిన దగ్గర్నుంచి."

"వాసన వచ్చిందా?"

"వచ్చింది."

"మరి ఫస్టులో ఉందన్నారు?"

"పడ్డాక నేనే వేశాను."

బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అయితే నా జాయింటు?"

"బాగానే ఉంది. నీ చుక్క కూడా ఉంది. బండి అమ్మేముందు చూశాను. ఆ రోజు నుంచీ..."

"ఉండు." బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "చుక్క ఉందా? నువ్వు కళ్లారా చూశావా?"

"చూశాను."

బావ లేచి నిలబడ్డాడు. కొడతాడనే అనుకున్నాడు డ్రైవరు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. బావ కొట్టలేదు. 

"ఆరేళ్లు. రోజూ పడుకోబోయే ముందు ఆ నట్టు బిగించాను. బిగించానా లేదా, చుక్క పెట్టానా లేదా, స్పానరు ఎన్ని చుట్లు తిప్పాను... నా చేతులు నావి కావనుకున్నా. నా చెల్లెలు వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటే, అవును, న్యాయమే అనుకున్నా. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను."

"ఎందుకు?"

డ్రైవరు ఆరేళ్లుగా ఈ ప్రశ్నకు జవాబులు కూడబెట్టుకున్నాడు. భయం, పరువు, పిల్లనిచ్చినవాడి ముందు చులకన అవుతానని. ఇప్పుడు అవన్నీ పక్కన పెట్టాడు. "మొదటిరోజు చెప్పలేకపోయాను. తర్వాత మొదటిరోజు చెప్పలేదని చెప్పలేకపోయాను" అన్నాడు.

"చెల్లికి నువ్వే చెప్పు. నేను చెప్పను" అని బావ నడుచుకుంటూ వెళ్లిపోయాడు. జీపులో దింపుతానని వెనకాల పోతే, తిరిగి చూసి, "నా వెంట రాకు" అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. కాపలావాడు బతికాడని అప్పటికే వీధిలో తెలిసింది. సంతోషంగా ఎదురొచ్చింది. డ్రైవరు గుమ్మంలోనే చెప్పాడు, చెప్పులు విడవకుండానే, మళ్లీ ధైర్యం పోతుందేమోనని. చెప్తున్నంతసేపూ ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"మీరు అన్నారు సరే. నేనెలా నమ్మానండీ?" అంది చివరికి. "నాకు పదేళ్లప్పుడు నాన్న పోతే, తన చొక్కా అమ్మి నాకు పలక కొన్నాడు మా అన్న. ఆ మనిషిని ఒక్క మాట, అసలేమైందని, అడగలేదు నేను. మీ అబద్ధం మీది. ఇది నాది."

చేతులు కడుక్కుంది. చెప్పులేసుకుంది. ఆరేళ్ల తర్వాత అన్నగారింటికి వెళ్లింది. పదిరోజులు అక్కడే ఉంది. డ్రైవరు తనకు తనే వండుకుని తిన్నాడు, లేదా తినలేదు.

మర్నాడే స్టాండులో అందరి ముందూ చెప్పేశాడు. కొందరు తిట్టారు. ఆ రోజు పక్కనుంచి దూసుకుపోయిన కుర్రాడు, ఇప్పుడతనికీ ఇద్దరు పిల్లలు, జీపెక్కి వెళ్లిపోయాడు. మాస్టారి ఊరికి బస్సులో వెళ్లి ఆయనకూ చెప్పాడు. ఆయన చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ విని, "ఇంజిన్ చప్పుడు లేదని అప్పుడే అనిపించింది నాకు. హాయిగా ఉంది కదా అనుకున్నాను" అన్నాడు. తర్వాత ఆ తారీఖున ఫోను రావడం మానేసింది. డ్రైవరుకు అది సమంజసంగానే తోచింది.

పదకొండో రోజు భార్య తిరిగొచ్చింది. సంచి లోపల పెట్టి, "ఆ మలుపు నాకు చూపించండి" అంది. ఇన్నేళ్లలో ఆమె కొండ ఎక్కలేదు. ఎక్కించాడు. దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర ఆపమంది. కొండగోడ మీద జీపు గీసిన గీత ఇంకా ఉంది, నాచు పట్టి. ఆమె దాన్ని చేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడుముకుంటూ నడిచింది. లోయలోకి తొంగిచూసింది. వెనక్కి వచ్చి సీట్లో కూర్చుని, "చచ్చిపోయేవారే" అంది, అప్పుడే తెలిసినట్టు. 

మెకానిక్కు షెడ్డు మళ్లీ బండ్ల షెడ్డు కాలేదు. స్టాండువాళ్లు కలిసి వెళ్లి అడిగారు. ఇప్పుడు గేట్ల పని చేతికొచ్చింది, వదలనన్నాడు. అయితే కొత్త డ్రైవర్లకు బ్రేకుల సంగతి చెప్పడానికి ఏడాదికోసారి వస్తాడు. అతను డ్రమ్ములు విప్పి చూపిస్తాడు. కాలిన డ్రమ్ము ఎలా ఉంటుందో చెప్పాల్సి వచ్చినప్పుడు పక్కకు తప్పుకుంటాడు. అప్పుడు ఫస్టుగేరు ముందుకొచ్చి, "నేను చెప్తాను, నేను కాల్చాను కాబట్టి" అని మొదలుపెడతాడు. రెండు లివర్ల సంగతితో సహా చెప్తాడు. పైకి వచ్చే జనం మాత్రం ఇప్పటికీ పాత కథే చెప్పుకుంటారు. అతను కాదంటే, ఎంత నిగర్వి అని మెచ్చుకుంటారు. అది అతనికి పడిన శిక్షల్లో ఒకటి.

గిన్నెలు మళ్లీ రెండిళ్ల మధ్య తిరుగుతున్నాయి. ఆదివారాలు బావ భోజనానికి వస్తాడు. వడ్డించమని అడుగుతాడు, చారు బాగుందంటాడు, చెల్లెలి మోకాళ్ల నొప్పుల గురించి విచారిస్తాడు. ఒకసారి చేతులు కడుక్కునే దగ్గర డ్రైవరు నోరు తెరిచి, "బావా, నన్ను..." అన్నాడు.

"అడక్కు" అన్నాడు బావ. "అడిగితే ఏదో ఒకటి చెప్పాలి. నాకే ఇంకా తెలియదు."

తువ్వాలు అందించాడు. డ్రైవరు తీసుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.